ఫిర్దోస్ చెవిన పడిన మాట

ఉదయగిరిలో కొండ కింది వీధుల్లో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్ళున్నాయి. ఫిర్దోస్ ఇల్లు వాటిల్లో ఒకటి. మిషన్ మీద కోసి తెచ్చిన చెక్కముక్కను ఆకురాయితో అరగదీసి, అంచు తేల్చి, నున్నగా చేసి ఇవ్వడం ఆమె పని. ఆ పనికి చెవులతో అవసరం లేదు. అదొక్కటే ఆమెకు కలిసొచ్చింది.

కూతురు సుమయా పుట్టిన ఏడాదే ఫిర్దోస్‌కు చెవుల్లో హోరు మొదలైంది. ఆ తర్వాత మనుషుల మాటలు మెల్లిగా దూరమైపోయాయి. మొదట్లో ఇంట్లోవాళ్ళు గట్టిగా చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు అవసరమైనంత వరకే చెప్పేవాళ్ళు. పోనుపోను అన్నం తిన్నావా అనడానికీ, పోయొస్తా అనడానికీ కూడా చెయ్యి ఊపడమే మిగిలింది. భర్త అబ్దుల్ సలాం చెడ్డవాడేం కాదు. ఉదయగిరికీ వింజమూరుకీ మధ్య ఆటో తోలతాడు. పొద్దంతా బండి మోత మీద గొంతు పెంచి మాట్లాడిన మనిషికి ఇంటికొచ్చి మళ్ళీ అరిచే ఓపిక ఉండేది కాదు. పక్కింట్లో పెళ్ళి కుదిరిందన్న సంగతి ఆ ఇంటి ముందు షామియానా వేస్తుంటేనే ఫిర్దోస్‌కు తెలిసింది.

మాటలు తగ్గించనిది ఒక్క తల్లి బీబమ్మే. ఆమె ఆత్మకూరులో కొడుకు నయీమ్ దగ్గర ఉంటుంది. ఫిర్దోస్ వెళ్ళినప్పుడల్లా ఎదురుగా కూర్చోబెట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసి, పెదాలు కనపడేలా నిదానంగా, గట్టిగా అన్నీ చెప్పేది. ఎవరింట్లో గొడవైంది, ఎవరు ఎవరి మీద అలిగారు, ఏ కూరలో ఉప్పెక్కువైంది, ఏదీ వదిలేది కాదు.

ఫోనులో మాత్రం అది కుదరదు. తల్లి ఫోను చేస్తే సలామే ఎత్తేవాడు. చాలాసేపు వినేవాడు, తలూపేవాడు. ఫిర్దోస్ అతని మొహం వంకే చూస్తూ నిలబడేది. పెట్టేశాక "ఏమంటా ఉండాది?" అని అడిగితే "బాగుండాదంట" అనేవాడు. అంతసేపు మాట్లాడిన మాటల్లో ఆమె వంతుకు వచ్చేది ఆ ఒక్క ముక్కే.

సుమయా నెల్లూరులో నర్సింగు చదువుతోంది. తల్లిని పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, చెవులు పరీక్ష చేయించి, చెవి మిషన్లు పెట్టించింది ఆ పిల్లే. చెవి వెనకాల దాక్కునేంత చిన్నవి. మొదటి రోజు ఫిర్దోస్‌కు లోకమంతా రేకు డబ్బాలో మోగినట్టుంది. ఆకురాయి గీసే చప్పుడుకే ఉలిక్కిపడి చేతిలో స్పూను జారవిడిచింది.

"ఇవి ఉత్త మిషన్లు కాదమ్మీ, బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తాయి," అంది సుమయా. "అవతలోళ్ళ మాట నేరుగా నీ చెవుల్లోకే వస్తాది."

ఇంట్లో అందుకు పనికొచ్చే ఫోను సలాందే. దానికే కలిపింది.

"మరి నాకొచ్చే ఫోన్లో?" అన్నాడు సలాం.

"ఎత్తంగానే స్పీకర్ అని నొక్కు అబ్బా. మర్చిపోయినావంటే నీకేం వినపడదు. అంతా అమ్మీకే వినపడతాది."

ఆ సాయంత్రమే ఆత్మకూరుకు ఫోను చేశారు. "బేటా" అన్న పిలుపు రెండు చెవుల్లోకీ ఒకేసారి వచ్చింది. ఎవరూ అరవకుండా, మధ్యలో ఎవరూ లేకుండా వచ్చింది. ఫిర్దోస్ గోడకు ఆనుకుని కూర్చుంది. కానీ ఆ గొంతు తనకు తెలిసిన గొంతులా లేదు. జీరపోయి, మాట మాటకూ గాలి అందనట్టు ఉంది.

"గొంతేందమ్మా అట్టా ఉండాది?"

అవతల ఏదో గలబా. తమ్ముడు నయీమ్ గొంతు వచ్చింది. "జలుబే, ఆపా. ఇంకేం లేదు. రేపు మాట్లాడుదువులే."

రెండు మూడు రోజులు గడిచాయి. ఒక పొద్దున సలాం వీధిలో ఆటో తుడుచుకుంటున్నాడు. ఫిర్దోస్ వసారాలో స్పూన్లకు అంచులు తీస్తోంది. చెవుల్లో ఫోను మోగింది. గుమ్మంలోంచి చూస్తే సలాం ఫోను ఎత్తి చెవికి పెట్టుకుంటున్నాడు. స్పీకర్ నొక్కలేదు.

"బావా, నిన్న స్కానింగు రిపోర్టు వచ్చినాది," అంటున్నాడు నయీమ్, ఫిర్దోస్ చెవుల్లో.

వీధిలో సలాం "హలో, హలో" అంటున్నాడు. ఫోను ఒకసారి దులిపి మళ్ళీ చెవికి ఆనించాడు. "వినపడలా నయీమ్. సిగ్నల్ లేదు, గట్టిగా చెప్పు."

నయీమ్ గొంతు పెంచాడు. "ఊపిరితిత్తుల్లో గడ్డ బాగా ముదిరిపోయిందంట బావా! ఇంటికి తీసకపొమ్మన్నారు. ఇంక ఆస్పత్రి చుట్టూ తిప్పొద్దన్నారు. ఆపాకి చెప్పబాక, ముందే అనుకున్నాంగా. ఆమె వచ్చి కూర్చుంటే అమ్మ అరిచి మాట్లాడాల్సి వస్తాది. అమ్మకంత ఊపిరి లేదు."

"హలో," అన్నాడు సలాం. "ఏందిరా నువ్వనేది?"

ఫిర్దోస్ చేతిలో ఆకురాయితోనే లేచి వీధిలోకి వచ్చింది. సలాం ఆమె మొహం చూశాడు. తర్వాత ఫోను వంక చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది.

అతను ఫోను కట్ చేసి, ఆటో అద్దం మీద గుడ్డ పెట్టి రుద్దుతూ నిలబడ్డాడు. "రంజాన్ ముందు నుంచి," అన్నాడు చివరికి.

"ఇంట్లోనే ఉన్నాను కదా. ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"ఎట్టా చెప్పాల? మీ అమ్మ చచ్చిపోతా ఉండాదని వీధంతా వినపడేటట్టు అరవమంటావా? అరిచి చెప్పే మాటనా అది?"

ఫిర్దోస్ లోపలికెళ్ళి సంచిలో బట్టలు సర్దుకుంది. బస్టాండు దాకా సలామే ఆటోలో దింపాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంచుకో. నాకు చిన్న ఫోను చాలు."

ఆత్మకూరులో తల్లిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మంచం మీద దుప్పటి ఉంది, దాని కింద మనిషి ఉన్నట్టే లేదు. బీబమ్మ పెదాలు కదిపింది. ఆ వణికే పెదాల్లో ఫిర్దోస్‌కు ఏ మాటా దొరకలేదు. మిషన్లలో ఫ్యాను మోత తప్ప ఇంకేం వినపడలేదు.

సుమయాకు ఫోను చేసి చెప్పుకుంది. ఆ పిల్ల ఒక్కొక్కటే ఏది నొక్కాలో చెప్పింది. ఫోనును మైకులా వాడుకోవచ్చంట. అవ్వ నోటి దగ్గర పెడితే ఎంత చిన్న మాటైనా నీ చెవుల్లోకి వస్తుందంది. ఫిర్దోస్ ఫోనును తలగడ మీద, తల్లి చెంప పక్కన పెట్టింది.

"వచ్చినావా," అన్నది బీబమ్మ. గుసగుస కన్నా తక్కువ. మరదలు, నయీమ్ భార్య, మంచం పక్కనే నిలబడి కూడా వినలేకపోయింది. ఫిర్దోస్‌కు మాత్రం ఊపిరి తీసుకునే చప్పుడుతో సహా వినపడింది.

ఆ వారమంతా తల్లీకూతుళ్ళు అలాగే మాట్లాడుకున్నారు. ఊపిరి ఉన్నప్పుడు బీబమ్మ మళ్ళీ ఊరి సంగతులే చెప్పింది. ఒక మధ్యాహ్నం ఫిర్దోస్ అడిగింది. "నాకు చెప్పొద్దని నువ్వే అన్నావా అమ్మా?"

బీబమ్మ ఫోను వైపు మొహం తిప్పింది. "నేనెందుకంటా? ఫోను చేసినప్పుడల్లా మీ ఆయనకు అదే చెప్పినాను. ఒంట్లో బాలేదు, బిడ్డను ఒకసారి పంపించమని. నీకే తీరడం లేదేమో అనుకున్నా."

ఫిర్దోస్ తల్లి చెయ్యి పట్టుకుంది. ఇన్ని నెలలూ ఎదురు చూసిందన్నమాట. పిలిచినా కూతురు రాలేదనుకుని ఈ మంచం మీద పడుకుందన్నమాట. తనేమో అక్కడ "బాగుండాదంట" అన్న మాట పట్టుకుని స్పూన్లు అరగదీస్తూ కూర్చుంది.

శుక్రవారం పొద్దున మిషన్లలో చార్జింగు అయిపోయింది. వాటిని చార్జింగు డబ్బాలో పెట్టి, వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఫిర్దోస్ గంజి కాస్తోంది. భుజం మీద చెయ్యి పడితే వెనక్కి తిరిగింది. మరదలు ఏడుస్తోంది. పరుగున వెళ్ళేసరికి బీబమ్మ పోయింది.

మిషన్లు పెట్టుకున్నాక మరదల్ని అడిగింది. "ఏమన్నా అన్నదా?"

"నీ పేరే పిలిచినాది వదినా. రెండుసార్లు. నేను కేక వేసినా నీకు... నువ్వు అటు తిరిగున్నావు."

సలాం, సుమయా వచ్చారు. కార్యాలన్నీ అయ్యాక సుమయా కాలేజీకి వెళ్ళిపోయింది. సలాం తన ఆటోలోనే ఫిర్దోస్‌ను ఉదయగిరికి బయల్దేరదీశాడు. ఎండిన చేలు, మట్టి కొట్టుకుపోయిన తుమ్మచెట్లు వెనక్కి పోతున్నాయి. చాలా దూరం వచ్చాక ఆమె ముందుకు వంగి అంది.

"అమ్మ పిలస్తా ఉండాదని చెప్పడానికి అరవాల్సిన పని లేదు. ఆత్మకూరు వైపు చెయ్యి చూపించి ఉంటే పోయేదాన్ని."

సలాం తల తిప్పకుండానే ఏదో అన్నాడు. ఆటో మోతలో ఆమెకు అర్థం కాలేదు. ఏమన్నావని ఆమె మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు సలాం ఇంటికి రాగానే అన్నీ చెబుతాడు. ఆటోలో ఎవరెక్కారు, వింజమూరులో ఏం జరిగింది, ఎవరు బతికారు, ఎవరు పోయారు. ఆమె స్పూన్లు అరగదీస్తూ ఊఁ కొడుతుంది. పుట్టింటి సంగతి ఏదైనా తెలుసుకోవాలంటే మాత్రం అతన్ని అడగదు. తనే ఫోను తీసి నయీమ్‌కు చేస్తుంది. నయీమ్ రెండు మాటలతో ఆపేస్తాడు. అవతల పిల్లల గోల, గిన్నెల చప్పుడు వింటూ ఆమె కాసేపు అలాగే కూర్చుంటుంది.