తీసేయమన్న పేజీలు

డెబ్బైల్లో నేను పోర్టు దగ్గర ఒక చిన్న గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. పాత మాసపత్రికలు అటకనిండా పేరుకుపోతే, ఏడాదికొక సంపుటిగా బైండు చేయించే పని నాకు పడింది. కట్టలు మరీ లావైపోతున్నాయని పాతనగరంలోని బైండరు సాయిబుగారు అన్నారు. ప్రకటనలూ, వనితల పేజీలూ తీసి పారేయమన్నాను. ఆ పేజీల్లో ఊరగాయలూ అల్లికలతో పాటు కవితలుంటాయని నాకు తెలుసు. ఆడవాళ్ళు పొద్దుపోక రాసుకునేవే కదా అనుకున్నాను.

పదేళ్ళ తర్వాత, ఒక ఫాల్గుణంలో, కాలేజీలో తెలుగు చెప్పే ఒకావిడ గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఎవరికీ గుర్తులేని కవయిత్రుల కోసం వెతుకుతోందట. సంపుటాలన్నీ బల్లమీద పెట్టాను. విషయసూచికలో పేర్లున్నాయి. లోపల చూస్తే ముప్పై ఆరో పేజీ తర్వాత నలభై ఒకటి వచ్చింది. ఏ సంచిక తెరిచినా అదే వరస.

"ఏమయ్యాయి సార్ ఇవి?"

"చెదలు పట్టాయమ్మా," అన్నాను.

చెదలు ఎంచుకుని తినవని ఇద్దరికీ తెలుసు. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, మరేం అడక్కుండా వెళ్ళిపోయింది.

ఆ పేజీలు ఏ మూలైనా మిగిలాయేమోనని మూడో రోజు బైండరు ఇంటికి వెళ్ళాను. సాయిబుగారు పోయి ఏడాదైందట. నేను వచ్చిన పని ఆయన భార్యకు చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి, నల్ల గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం తెచ్చింది. తీసేసిన పేజీలన్నీ ఆవిడే చేత్తో కుట్టి దాచింది. ఏటా ఎండలు ముదరకముందు ఒకసారి మొత్తం చదువుకుంటుందట.

"సదివి పారేద్దారనుకున్నాను. సదివినాక సేతులు రానేదు," అంది. "మీరు సదవనేదేటి బాబూ?"

లేదన్నాను. ఆవిడ పుస్తకాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

ఆ చైత్రంలో రోజూ పొద్దున్నే డాబా మీద కూర్చుని చదివాను. పక్కింటి వేపపూత పేజీల మధ్య రాలేది. ఒకావిడ కిరసనాయిలు క్యూలో నిలబడి కోయిలను విన్నది. మరొకావిడ కిటికీ మీద పోర్టు ఎర్రదుమ్ము తుడుస్తూ, ఓడెక్కకుండా తన ఇంటికొచ్చిన ఇనుప ఖనిజాన్ని చుట్టంలా పలకరించింది. నేను సభల్లో పొగిడిన కవులకు వీళ్ళు ఏమాత్రం తీసిపోరు. అయిపోతాయేమోనని రోజుకు రెండో మూడో చదివేవాణ్ణి. అంత ఆనందంలోనూ, వీటిని పారేయమన్న నోరు నాదేనని గుర్తొచ్చి ముఖం మండేది.

పుస్తకం తీసుకుని, తెలుగు చెప్పే ఆవిడ కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్‌రూంలో ఇంకో ఇద్దరున్నారు. బైండరుగారి భార్య దాచారని మాత్రం చెప్పాను. పుస్తకం తెరిచిన ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇంత శ్రమపడి వెతికి తెచ్చారంటూ నాకు దండం పెట్టింది. నేను తలూపి బయటపడ్డాను. గేటు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చి, అందరి ముందే చెప్పాను.

"చెదలు కాదమ్మా. తీసేయమన్నది నేనే."

ఆవిడ పుస్తకం మూసింది. తర్వాత నెమ్మదిగా, "ఇంకెక్కడైనా ఇలా చేయించారా సార్?" అని అడిగింది.

సంపుటాలు సన్నగా, అందంగా ఉన్నాయని మెచ్చుకున్న మరో రెండు గ్రంథాలయాలవాళ్ళకు ఆ కిటుకు నేర్పింది నేనే. అదీ చెప్పాను. వాళ్ళ పత్రికలు ఎవరు బైండు చేశారో నాకు తెలియదు.