ఒక గడి తక్కువైన వంశవృక్షం

హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాక నాకొక దురద పట్టుకుంది. నూజివీడు చుట్టుపక్కల కుటుంబాలకి వంశవృక్షాలు రాసిపెట్టడం. రూపాయి తీసుకోను. ఆ మాటే నా కొంప ముంచింది. ఊరికే చేస్తానంటే మన జనం నమ్మరు కదా. మొదటి ఏడాది సగం మంది నన్ను పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషిననుకున్నారు. "మీ ముత్తాతగారి పేరేంటండీ?" అని నేనడిగితే, "ముందు పిల్లాడేం చేస్తున్నాడో చెప్పండి" అని ఎదురడిగేవారు.

మిగతా సగం మందికి ముత్తాత అక్కర్లేదు, జమీందారుగారు కావాలి. నేను రాసిన ప్రతి వంశంలోనూ ఒక తాత జమీందారుగారి పక్కన ఏనుగెక్కి ఊరేగినవాడే. ఇంతమంది తాతల్ని మోసిన ఆ ఏనుగు నడుము ఏమైపోయిందో ఎవరూ చెప్పలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మా మామిడి తోటల్లోనే పుట్టి ఉండాలి.

నేనూ తక్కువదాన్ని కాదు లెండి. ఆధారం లేనిదే ఒక్క పేరు రాయనని నాకు మహా గర్వం. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, మరణ ధ్రువీకరణ పత్రం. వీటిల్లో రెండు కలిస్తేనే మనిషి నా కాగితం మీదికి ఎక్కేది. ఆఫీసు కాగితాన్ని నమ్మి మనిషి మాట నమ్మకపోవడాన్ని చరిత్ర అంటారని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పి చెప్పి నేనూ నమ్మేశాను.

ఆ గర్వం రెడ్డిగూడెం దగ్గర ఒక తోటలో దిగిపోయింది. ఆసామికి డెబ్బై దాటాయి. కార్తీక వనభోజనాలకి బంధువులంతా తోటకి వస్తున్నారని, వంశవృక్షం ఫ్లెక్సు కట్టించాలని కబురు పెట్టాడు. వెళ్ళగానే కూర్చోనివ్వకుండా తోటంతా తిప్పాడు. ఈ చిన్నరసం మామిడి అంటు ఎవరి తోటలోది, ఆ చెట్టుకి తల్లిచెట్టు ఏది, దాన్ని ఏ గాలివానకి పోగొట్టుకున్నారు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"మరి మీ నాయనమ్మగారి పేరండీ?" అన్నాను.

"నాయనమ్మేనండీ. పేరంటారా... ఎవరు పిలిచార్లెండి పేరుతో!"

చెట్టుకి మూడు తరాలు, మనిషికి ఒకటిన్నర. అయినా వాళ్ళమ్మ విషయంలో ఇబ్బంది లేకపోయింది. మూడు కాగితాల్లోనూ ఒకే పేరు. వాళ్ళ నాన్న గడి పక్కన ఆవిడ గడి, కింద ఒక కూతురు, ఇద్దరు కొడుకులు. శుభ్రంగా కుదిరింది. ఫ్లెక్సు వచ్చింది. మూలపురుషుడి గడి కన్నా, పైన చేతులు జోడించిన సర్పంచిగారి ఫొటో పెద్దదిగా ఉంది.

వనభోజనాల రోజు మైలవరం నుంచి ఆసామి అక్కగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. అందరూ పులిహోర దగ్గర ఉంటే ఆవిడ ఫ్లెక్సు ముందు నిలబడి, కళ్ళజోడు తేలేదని నాచేత చదివించుకున్నారు. వాళ్ళ నాన్న పేరు, పక్కన అమ్మ పేరు చదివాను.

"ఆ పేరు పిన్నిదమ్మా. మా అమ్మ ఏది?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆసామి పరుగెత్తుకొచ్చి నవ్వేశాడు. "అక్కకి అదో గొడవండీ. పెద్దమ్మ దీన్ని కని ఏడాది తిరక్కుండానే పోయింది. ఆవిడ చెల్లెల్నే మా నాన్న చేసుకున్నాడు. ఆవిడే మా అమ్మ. పెద్దమ్మ పేరు మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఎప్పుడో పోయినావిడకి ఇప్పుడు గడి దేనికండీ?"

ఆ మాట నాతో ముందు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మీరడగలేదుగా అన్నాడు. నిజమే. నా మూడు కాగితాలూ అడగలేదు.

పెద్దావిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి చేయి పట్టుకున్నారు. "మా అమ్మ పేరేంటో నాకు తెలీదు టీచరమ్మా. నాయనమ్మనడిగితే చచ్చినవాళ్ళ పేర్లెందుకే అని కసిరేది. పిన్నినడిగితే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. మా అమ్మ నగలన్నీ పెట్టుకుంది, మా అమ్మ ఇంట్లో పెత్తనం చేసింది, పేరు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నేనూ ఏనాడూ దాన్ని అమ్మా అనలేదు. నేను పోయేలోపు మా అమ్మ పేరొకటి కనిపెట్టి అక్కడ రాయి. ఇంకేం అడగను."

ఎనభై ఏళ్ళ మనిషికి కన్నతల్లి పేరు తెలియదు. ఆ పేరు మీద వేసిన మూతకి నా ఫ్లెక్సు కూడా ఒక మేకు కొట్టింది.

కాగితాలు లాభం లేదని సామాను మీద పడ్డాను. ఆడపిల్లని కాపురానికి పంపేటప్పుడు సారె బిందెల మీదా గంగాళాల మీదా పిల్ల పేరు వేయించి పంపడం మనవైపు ఆనవాయితీ. ఆడదాని పేరు ప్రభుత్వం రాసుకోకపోయినా ఇత్తడి సామాను వాడు రాసేవాడు. ఆసామి ఇంట్లో ఇత్తడి అంతా పోయి ఎప్పుడో స్టీలు వచ్చేసింది. మిగిలిందల్లా గొడ్ల చావిట్లో కుడితి పోసే ఒక సొట్ట గంగాళం. వంశగౌరవం కోసం ఫ్లెక్సు కట్టినవాళ్ళు వంశంలో మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని గేదెల ముందు పెట్టారు.

చింతపండుతో నేనే తోమాను. ఆసామీ వాళ్ళక్కా చావిట్లో ముక్కాలిపీటల మీద కూర్చుని చూస్తున్నారు. చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. ముందు ఉంగుటూరు వైపు ఒక పల్లె పేరు, ఆసామి అమ్మగారి పుట్టినూరు. తర్వాత పెళ్ళి జరిగిన సంవత్సరం. అది పెద్దావిడ పుట్టడానికి రెండేళ్ళ ముందుది, అంటే గంగాళం ఆవిడ తల్లిదే. తర్వాత పెళ్ళికూతురి పేరు. చదివి, నమ్మకం కుదరక మళ్ళీ చదివాను.

ఫ్లెక్సు మీద ఉన్న పేరే.

మొదట తేరుకున్నది ఆసామి. "అంటే... మా అమ్మ పేరు మా అమ్మది కాదా ఏంటండీ?"

"మీ పెద్దమ్మదండీ."

"మరి ఇన్నేళ్ళూ ఆ పేరు చెప్పి తద్దినం ఎవరికి పెట్టానండీ నేను?"

"మా అమ్మకి పెట్టావురా. తెలియకపోయినా మా అమ్మకే పెట్టావు" అన్నారు పెద్దావిడ. ఎనభై ఏళ్ళ కోరిక తీరిన మనిషి సంతోషించాలి. ఆవిడ ముఖంలో ఆ ఛాయే లేదు. ఆ పేరుని యాభై ఏళ్ళు విన్నారు, విన్నప్పుడల్లా పళ్ళు కొరికారు. ఇప్పుడు నెమ్మదిగా అన్నారు: "పిన్ని పేరేంటో వెతుకు టీచరమ్మా."

గంగాళం మీదున్న పల్లెకి, ఆ అక్కచెల్లెళ్ళ పుట్టింటికి వెళ్ళాను. దాయాదుల్లో ఒక ముసలాయన మిగిలాడు. ఆయనకి సంగతి తెలుసు. "అక్క పేరు ఇంటికి అచ్చొచ్చిన పేరు, ఆ పేరుతోనే పిలుస్తామంటేనే చేసుకుంటామన్నారటండీ అత్తగారు. మావాళ్ళు సరేనన్నారు." మరి ఆ పిల్ల అసలు పేరు? "చిన్నమ్మాయి అనేవాళ్ళండీ. పేరుండే ఉంటుంది."

సారె గిన్నెలేమైనా ఉన్నాయేమోనని ఆశపడ్డాను. "రెండోసారి సారె దేనికండీ? అక్క సామాను అక్కడే ఉందిగా" అన్నాడాయన. అన్యాయం చేశామని కాదు, పొదుపు చేశామన్నట్టు అన్నాడు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంటికొచ్చినా తగ్గలేదు. అమ్మ పేరు అడిగితే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయిన ఆ పిల్ల ఏం చెప్పాలి? అది నా పేరేనే అని చెప్పాలా, నాది కాదని చెప్పాలా?

వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. పక్కన ఇంకో గడి గీస్తాను గానీ ఖాళీగా ఉంచాల్సిందేనన్నాను. ఆసామి ఒప్పుకోలేదు. "ఖాళీ గడి పెట్టి ఫ్లెక్సు వేస్తే నలుగురూ నవ్వరాండీ? ఏ లక్ష్మో సరస్వతో రాసి పడేయండి. ఎవరికి తెలుస్తుంది?"

"నోర్ముయ్‌రా" అన్నారు అక్కగారు. "ఇప్పటికి ఒకసారి వేరేవాళ్ళ పేరు తగిలించారు, చాలదా దానికి?"

తర్వాత నావైపు తిరిగారు.

"పిన్ని అని రాయమ్మా. ఆ ఇంట్లో దాన్ని దానిగా పిలిచింది ఆ ఒక్క మాటే. అదీ అమ్మా అనడం ఇష్టంలేక నేను పిలిచింది."