కంచె పక్క మిరప

హెర్కులానా మొదటి గెలుపు పదకొండు మిరపకాయలు. నల్ల చిల్వాక్లె మిరప క్వికత్లాన్ లోయ ఎండకి తప్ప ఇంకెక్కడా కాయదని కొండ మీది మా ఊరు సాన్ మెల్చోర్‌లో ముసలీ ముతకా అందరూ తేల్చి చెప్పారు. మూడేళ్ళు వరసగా ఆమె పెరట్లో మొక్కలు చచ్చాయి. మొదటి ఏడు మంచుకి, రెండో ఏడు ఆకు కోసుకుపోయే ఎర్రచీమలకి, మూడో ఏడు మొగుడు ఫిదెన్సియో కట్టేయడం మరిచిన గాడిదకి. నాలుగో ఏడు పదకొండు కాయలు నిలబడ్డాయి. గుండ్రంగా, బొద్దుగా, తొడిమ దగ్గర భుజాలు తిరిగి, పండి నల్లబడ్డాయి. వాటిని పళ్ళెంలో పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగింది. అందరికీ చూపించింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అప్పటికి ఆమెకి ముప్పై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు అరవై ఒకటి. ఈ ఇరవై రెండేళ్ళలో ఆమె చేసినవి తక్కువేం కాదు. ఇటుకల బట్టీ పక్కన రాళ్ళు తప్ప ఏమీ లేని ఆ పెరటిని గంపలతో మట్టి మోసి తోట చేసింది. ఒకే చయోతె కూరగాయ తీగ నుంచి ఒక కాపులో నూట నలభై కాయలు దించింది. ఆమె చిక్కుడు మొక్కజొన్నని పట్టుకుని ఎగబాకేది, ఆ రెంటి కాళ్ళ దగ్గర గుమ్మడి పాకేది, అడుగు నేల ఖాళీ ఉండేది కాదు. కూతురు మక్లోవియా పెళ్ళికి మూడు వందల మందికి, మాడ్చిన మిరపా చాక్లెట్టూ నూరి చేసే నల్ల మోలె పులుసు వండింది. రోటి దగ్గర కూర్చున్నది తనొక్కతే. బిషప్పుగారు ఊరికి వచ్చిన ఏడు ఆయన రెండోసారి వడ్డించుకున్నది ఆమె కుండలోంచే. ఇరవై రెండేళ్ళుగా ఏ మోలెకీ బజారు మిరప కొనలేదు. అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఇంకోటి ఉంది. వండేటప్పుడు నాలుక మీద చుక్క వేసుకుని చూడదు. ఉప్పూ కారమూ వాసనతోనే చెప్పేస్తుంది.

"రుచి చూసేది నేర్చుకునే వాళ్ళు," అనేది.

ఆ మిరప విత్తనం ఇచ్చింది నిసెఫోరా. హెర్కులానాకి పెద్దమ్మ కూతురు, లోయలో ఉంటుంది, లోయవాళ్ళకుండే గర్వం నిండుగా ఉన్న మనిషి. మూడేళ్ళ మొక్కలూ చచ్చాక, నాలుగోసారి గుప్పెడు విత్తనం గుడ్డలో మూట కట్టి ఇస్తూ నవ్వింది.

"తీసుకెళ్ళవే. పై ఏడు మళ్ళీ వస్తావుగా అడగడానికి."

"అక్కా, ఈ ఒక్కసారే. మళ్ళీ విత్తనం అడిగానంటే నీ ముందు తల దించుకుని నిలబడతాను, చాలా?"

ఆ మాట మీద ఇరవై రెండేళ్ళు నిలబడింది. ఏటా శరదృతువులో మంచి కాయలు ఏరి, చీల్చి, విత్తనం ఆరబెట్టి, సొరకాయ బుర్రలో పోసి అటకెక్కించేది. పాత విత్తనం సరిగ్గా మొలవదని కొత్తది రాగానే పాతది కోళ్ళకి వేసేది. విత్తనం కాయలు ఎప్పుడూ వంటింటి గుమ్మం పక్క వరస నుంచే తీసేది. ఆ వరస అంట్లు కడిగిన నీళ్ళు తాగి పెరుగుతుంది, ఎప్పుడూ కళ్ళెదుటే ఉంటుంది.

కిందటేడాది కాకుండా అంతకుముందు ఏడు ఒక్కసారి ఆ పద్ధతి తప్పింది. కంచె పక్క వరసలో కాయలు పిడికిలంత కాచాయి. ఆశపడి ఆ కాయలనే విత్తనానికి ఉంచింది. కంచెకి అవతల పెరడు ఒతిలియాది. మక్లోవియాకి జ్ఞానస్నానంలో తల్లిగా నిలబడిన మనిషి ఒతిలియా. ఆ బంధంతో ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఒతిలియా మొగుడికి నాలుక చుర్రుమనకపోతే ముద్ద దిగదు. అందుకని ఆవిడ ఆ ఏడు కంచె పొడుగునా సన్న మిరప వేసింది. వేలెడు కాయ, నిప్పులాంటి కారం. రెండు వైపులా మిరప పూసింది. తేనెటీగలు ఇటువి అటూ అటువి ఇటూ తిరిగాయి. హెర్కులానా చూసింది. చూసి, తేనెటీగలు బాగా వస్తున్నాయని సంతోషించింది.

ఆ విత్తనంతో మొలిచిన మొక్కలు కిందటేడు కాశాయి. కాయకి భుజాలు సరిగ్గా లేవు, కొస కాస్త సాగింది. వాన తక్కువైంది అనుకుంది హెర్కులానా. ఎండబెట్టాక ఎలాగూ అన్నీ ముడతలు పడి ఒకేలా కనిపించాయి. వాటి విత్తనం సొరకాయ బుర్రలో చేరింది, పాతది కోళ్ళ కడుపులో చేరింది.

జనవరి ఆరున మక్లోవియా ఇంట్లో మూడు రాజుల పండుగ రొట్టె కోశారు. రొట్టెలో దాచిన బుల్లి బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండుగనాడు, అందరికీ మొక్కజొన్న ముద్దని ఆకులో చుట్టి ఉడికించే తమాల్‌లు పెట్టాలి. అందుకే మా ఊళ్ళో సగం మంది బొమ్మ పంటికి తగిలితే కిమ్మనకుండా చెంపలో దాచేస్తారు. ఫిదెన్సియో ఒక ఏడు మింగేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. హెర్కులానా అలా కాదు. బొమ్మని నోట్లోంచి తీసి, కాఫీలో కడిగి, పైకెత్తి పట్టుకుంది.

"నాకొచ్చింది. వీధి మొత్తానికి పెడతాను. నల్ల మోలె, అరటాకులో."

"అమ్మా, వీధి మొత్తమంటే అరవై మంది," అంది మక్లోవియా.

"మీ పెళ్ళికి మూడొందలు."

జనవరి ముప్పై ఒకటిన మట్టి పెనం మీద మిరప మాడ్చడం మొదలుపెట్టింది. నల్ల మోలెకి కాయని బొగ్గయ్యే అంచు దాకా కాల్చాలి, గింజల్ని బూడిద చేసి నీళ్ళలో కడగాలి. ఆ పొగకి ఏటా ఇల్లంతా దగ్గుతుంది. ఈసారి ఇల్లు దాటి వీధి దగ్గింది. ఫిదెన్సియో మొహానికి తుండు కట్టుకుని బయటికి పరిగెత్తాడు.

"ఏమే, పండుగకి జనాన్ని పిలుస్తున్నావా, తరిమేస్తున్నావా?"

"పెరటి మిరప అంటే ఇదీ! బజారు సరుకు ఇలా గొంతు పట్టుకుంటుందా?" అని దగ్గుతూనే మురిసింది ఆమె.

కంచె అవతల నుంచి ఒతిలియా తల పైకెత్తింది. కళ్ళనిండా నీళ్ళు. "వదినా, ఈ ఘాటు నీ మిరపది కాదే. కాయ కూడా సన్నబడ్డట్టుంది ఈసారి. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూడరాదూ?"

"ఇరవై రెండేళ్ళు అక్కర్లేని నాలుక ఇప్పుడెందుకు వదినా? మీ ఇంట్లో అన్నీ సన్నవే కదా, నీ కంటికి అన్నీ సన్నగానే కనబడతాయి."

ఒతిలియా తల దించేసుకుంది. హెర్కులానాకి ఒతిలియా మాట గుచ్చుకుంది. అన్నందుకు కాదు, ఆవిడ చెప్పిన దాంట్లో ఏదో ఉందని లోపల తెలిసినందుకు. తెలిసినా రుచి చూడలేదు. చాక్లెట్ వేసింది, వేయించిన నువ్వులు వేసింది, రోట్లో నూరింది, కలిపింది. రెండు రోజులు మొహం గంటు పెట్టుకునే పని చేసింది.

ఫిబ్రవరి రెండు పొద్దున్నే వీధి ఆడవాళ్ళు అరటాకులు కమర్చి, మొక్కజొన్న ముద్ద పూసి, మోలె పెట్టి, మడిచి, పెద్ద కుండలో నిలబెట్టారు. ఆవిరి పెట్టారు. గంట అయింది. రెండు గంటలయింది. మక్లోవియా ఒకటి విప్పి చూసింది. ముద్ద ఆకుకి జిగురులా అంటుకుంది. పచ్చిది. మూడు గంటలయినా పచ్చిదే. బయట బల్లల దగ్గర జనం చేరారు.

కోపం ఉన్న మనిషి దగ్గరుంటే తమాల్‌లు ఉడకవు. ఈ సంగతి మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లకి కూడా తెలుసు. ఆడవాళ్ళు పనులు ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరి చూపూ ఒకచోటే ఆగింది.

"నేను కాదు," అంది హెర్కులానా.

"మీరే పిన్నీ. మొన్నటి నుంచీ మీ మొహం చూస్తూనే ఉన్నాం," అంది ఒకావిడ.

"అమ్మా, ఆడాలి. తప్పదు," అంది మక్లోవియా. అప్పటికే మొక్కజొన్న పొత్తుల ఎండు పొరలు చీల్చి కుండ చెవులకి జడ పిలకల్లా ముడి వేసేసింది. కుండ మంచి మూడ్‌లోకి రావాలంటే అదొక పద్ధతి. రెండోది, కోపం తెచ్చిన మనిషి కుండ చుట్టూ ఆడాలి.

"అరవై ఒక్కేళ్ళొచ్చాయే నాకు!"

"తమాల్‌లకి తెలీదుగా ఆ సంగతి," అన్నాడు గుమ్మంలోంచి ఫిదెన్సియో.

హెర్కులానా కొంగులాంటి తన పై శాలువా నడుముకి బిగించి కుండ చుట్టూ తిరిగింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె కాళ్ళు ఆడాయి, మొహం ఆడలేదు. నాలుగో చుట్టులో ఒతిలియా వచ్చి చెయ్యి పట్టుకుంది. "నవ్వు వదినా, లేకపోతే రాత్రిదాకా తిరగాలి నువ్వు." ఇద్దరూ కలిసి తిరిగారు. హెర్కులానా పళ్ళు బయటపెట్టింది. అది నవ్వని ఎవరూ ఒప్పుకోకపోయినా కుండ ఒప్పుకుంది. ఇంకో అరగంటకి ముద్ద ఆకు నుంచి శుభ్రంగా విడివడింది.

వడ్డించారు. మొదటి ముద్దకి పెద్దవాళ్ళ ముక్కులు కారాయి. రెండో ముద్దకి పిల్లలు ఏడుపు అందుకున్నారు. మక్లోవియా మామగారు నీళ్ళ కూజా ఎత్తి ఆపకుండా తాగాడు. ఎవరో లేచి చొక్కా గుండీలు విప్పుకున్నారు. అరవై మందిలో లొట్టలు వేసుకుంటూ తిన్నది ఒక్కడే, ఒతిలియా మొగుడు.

"అబ్బ! వదినగారు ఇన్నాళ్ళకి వంట నేర్చారు!"

ఒతిలియా నోట్లో ముక్కని మెల్లగా నమిలింది. మొగుడి వైపు చూసింది, కంచె వైపు చూసింది. లేచి వెళ్ళి, హెర్కులానా వంటింట్లోంచి ఎండిన చిల్వాక్లె ఒకటీ తన పెరట్లోంచి సన్న మిరప ఒకటీ తెచ్చి పక్కపక్కన విరిచింది.

"వదినా, తిట్టకు. నీ మిరపా మా మిరపా పెళ్ళి చేసేసుకున్నాయి."

"నన్నడక్కుండానా?" అంది హెర్కులానా. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

అప్పుడు మొదటిసారి, అరవై మంది చూస్తుండగా, తన మోలెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికే అంది.

జనం వెళ్ళాక సొరకాయ బుర్ర దించింది. అందులో ఉన్నదంతా ఆ పెళ్ళి సంతానమే. ఇరవై రెండేళ్ళ విత్తనంలో గింజ కూడా మిగల్లేదు. కంచె పక్క పెద్ద కాయలకి ఆశపడింది తానే, పాతది కోళ్ళకి వేసింది తానే. ఈ తప్పు ఎవరి మీద వేయాలో వెతికి వెతికి కంచె దగ్గరికే వెళ్ళింది.

"వదినా, ఆ మొక్కలు పీకెయ్యి. ఇంకెక్కడైనా వేసుకో."

"నా మొక్కలు నా కంచె ఇవతల ఉన్నాయి వదినా. ఇంకోచోట ఎండ లేదు. తేనెటీగలకి చెప్పుకో."

"చెప్తే వినే రకమా అవి?"

"నువ్వు విన్నావా నేను చెప్తే?"

హెర్కులానా లోపలికి వచ్చేసింది. నాలుగు రోజులు ఫోను చుట్టూ తిరిగింది. ఎత్తడం, పెట్టడం. బజారులో చిల్వాక్లె కాయలు దొరుకుతాయి గాని అవి ఎవరి పెరట్లో ఎవరి పక్కన పెరిగాయో ఎవరికి తెలుసు? ఆ భయం ఇంక ఆమెని వదలదు. అయిదో రోజు నంబరు నొక్కింది.

"నిసెఫోరా అక్కా, నేను."

"తెలుసులేవే. కొవ్వొత్తుల పండుగనాటి సంగతి ఇక్కడిదాకా వచ్చింది. డాన్సు బాగా చేశావట?"

హెర్కులానా పళ్ళు బిగబట్టింది. "విత్తనం కావాలి."

అటువైపు నవ్వు వినిపించింది. ఆ నవ్వుని నిసెఫోరా ఇరవై రెండేళ్ళు దాచుకున్నట్టుంది.

"ఇస్తాను. బస్సులో మాత్రం పంపను. నువ్వు రా. నాతో కలిసి నారు పోసి, నాలుగు ఆకులు వేసేదాకా నీళ్ళు పట్టు. ఏ మొక్క నుంచి విత్తనం తీయాలో, తేనెటీగలు వాలకుండా పూత మీద గుడ్డ సంచి ఎలా తొడగాలో చూపిస్తాను. అప్పుడు నారే పట్టుకెళ్దువుగాని."

"నాకు నారుమడి నేర్పుతావా అక్కా? నూట నలభై చయోతెలు దించినదాన్ని!"

"చయోతెల సంగతి ఎవరడిగారే నిన్ను? వస్తావా, రావా?"

ఫిబ్రవరి తొమ్మిదిన బయలుదేరింది. వెళ్ళేముందు వంటింటి గుమ్మం పక్క వరస తనే తవ్వి, బూడిద చల్లి పెట్టింది. కంచె వైపు వరసలో మిరప ఊసెత్తకుండా చిక్కుడు నాటింది. ఫిదెన్సియోకి ఏ రోజు ఏ మొక్కకి ఎన్ని చెంబులో వేళ్ళు మడిచి చెప్పింది. అతను తలాడించాడు.

"గాడిదని కట్టెయ్యి," అంది.

"దాన్ని అమ్మేసి పద్దెనిమిదేళ్ళయిందే!"

"అయినా సరే."

బస్సు దగ్గరికి ఒతిలియా కూడా వచ్చింది. అరటాకులో చుట్టిన రొట్టెలు చేతిలో పెట్టింది. హెర్కులానా తీసుకుంది, థాంక్స్ చెప్పలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఎదర చూస్తూ ఉండిపోయింది. నిసెఫోరా గుమ్మంలో నిలబడి మొదటి మాట ఏమంటుందో, దానికి తానేమనాలో ఇప్పటి నుంచే పేర్చుకుంటున్నట్టుంది.

"ఎప్పుడొస్తావు వదినా?" బస్సు కదులుతుంటే ఒతిలియా అరిచింది.

హెర్కులానా కిటికీలోంచి తల తిప్పకుండానే చెప్పింది. నారు నాలుగు ఆకులు వేసేసరికి అయిదు వారాలు, సాన్ హోసే పండుగ ముందు రోజు: మార్చి పద్దెనిమిది.