ఫినాయిల్ పోసిన మగ్గం గుంట

2023 ఎండాకాలం. కర్నూలులోని ఒక చిన్న ప్రయోగశాలలో సివిల్ ఇంజినీరుగా నాకది రెండో ఏడు. ఎమ్మిగనూరులో నరసప్ప అనే చేనేత కార్మికుడి మగ్గం గుంట గోడలు ఇసుకలా రాలుతున్నాయని కబురు వచ్చింది. నేసేటప్పుడు కాళ్లు దించి కూర్చునే గుంట అది. గోడ కూలితే అంచున పాతిన గుంజ కదులుతుంది, సగం నేసిన చీర నిలువు పోగులు, అంటే పడుగు, తెగుతుంది. సిమెంటుతో కట్టాలంటే మగ్గం విప్పాలి. అప్పుడూ పడుగు పోయినట్టే.

"ఇప్పకుండా చేసే దారి ఏమన్నా ఉండాదా సారూ?" అన్నాడు నరసప్ప.

ఉంది. బయో సిమెంటేషన్ అంటాం. మట్టిలో సహజంగా ఉండే ఒక బ్యాక్టీరియాను గోడలోకి ఇంకించి, యూరియా, కాల్షియం లవణం కలిపిన నీళ్లు పడతాం. బ్యాక్టీరియా యూరియాను విడగొడుతుంది. ఇసుక రేణువుల మధ్య కాల్సైట్ పేరుకుని వాటిని అతికిస్తుంది. మన కడప నాపరాయిలో ఉండేదీ అదే. బట్టీ అక్కర్లేదు, కూల్చే పని లేదు. కావలసినవి మూడు: శుభ్రమైన నీళ్లు, నీడ, ఓపిక.

పడుగు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, కిటికీలు తెరిపించి మొదలుపెట్టాను. మూడో రోజు గదిలోకి వెళ్లగానే అనుమానం వచ్చింది. యూరియా విడిపోతుంటే అమోనియా ఘాటు తప్పదు. ఆ ఘాటు లేదు. గది ఆసుపత్రి వరండాలా వాసనేస్తోంది. వేలితో గీకితే గోడ పొడిగా రాలింది.

"అమ్మా, ఈడ ఏమన్నా పోసినారా?"

"ఫినాయిల్ పోసినా" అంది నరసప్ప భార్య లక్ష్మమ్మ. "ఉచ్చ కంపు శానా కొడతాండాది. చీర చూడను మనుషులొస్తే ఏమనుకుంటారప్పా?"

"చంపేసినావు గదే. ఆ పురుగులే గోడ కట్టేది" అన్నాడు నరసప్ప.

"పురుగులని ముందే చెప్పింటే ఇంకో సీసా పోసింటి."

రాలే గోడను మళ్లీ తడపడం ప్రమాదం. గుంజకు కర్రలు ఆనించి, ఫినాయిల్ పోయేదాకా గోడను మెల్లగా కడిగి, కొత్త బ్యాక్టీరియా ఇంకించాను. ఈసారి కాపలా లక్ష్మమ్మకే అప్పగించాను. కంపు వస్తుంటే పని జరుగుతున్నట్టు, ఆగితే ఫోన్ చేయమన్నాను. ఆమె కంపు ఆగకపోయినా రోజూ చేసేది.

"కంపు ఉండాదప్పా. నిన్నటికంటే మేలుగా ఉండాది."

చివరికి గీకితే నా గోరు అరిగింది గాని ఇసుక రాలలేదు. అమోనియా నీళ్లను డబ్బాల్లోకి తోడేశాం. గది ఆరాక నరసప్ప గుంటలోకి కాళ్లు దించాడు. పడుగులో ఒక్క పోగు తెగలేదు.

నా జాబితాలో నాలుగోది అప్పుడే చేరింది: ఇంట్లోవాళ్ల ముక్కు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు వాళ్లకు అమోనియా వాసన చూపించి, అది దేనికి గుర్తో చెబుతాను. పని అయ్యేదాకా ఆ ఇంటి ఫినాయిల్ సీసా నా సంచిలోనే ఉంటుంది.