బ్రేకు మాస్టారి మనవరాలికి పరీక్ష

డ్రైవింగ్ నేర్పేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, బ్రేకు మాస్టారంటే ఆయనొక్కడే. నేర్పే కారులో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆయన కుడికాలు ఏళ్ళ తరబడి దాని మీదే కాపురం చేసింది. ఇంట్లో ఉన్నా అంతే. ఎవరైనా కాస్త విసురుగా ఎదురొస్తే చాలు, ఆ కాలు నేలని తొక్కేస్తుంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు లైసెన్సు పరీక్ష తప్పడు. అదీ ఆయన గర్వం. ఆ గర్వమే కొంప ముంచబోయింది.

మాస్టారి మనవరాలు బుల్లికి మూడేళ్ళు. చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది. కానీ పిలిస్తే తిరగదు. దాహమేస్తే అడగదు, వేలు పెట్టి చూపించదు. తల్లి మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళుతుంది, మొహంకేసి మాత్రం చూడదు. తోటి పిల్లలు "అమ్మా, పిట్ట! అదిగో పిట్ట!" అని ఇల్లు పీకి పందిరేసే వయసులో, ఇది మంచం కింద చేరి బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ ఉంటుంది. చెవులు చూపించారు, నిక్షేపంలా ఉన్నాయి. మాస్టారి కూతురికి కంటిమీద కునుకు లేదు. ఆటిజం అన్న మాట ఆమె ఎక్కడో విన్నది. పైకి అనడానికే భయం. చివరికి గుండె రాయి చేసుకుని, పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ దగ్గర పేరు రాయించింది.

"మూడేళ్ళ పిల్లకి పరీక్షేమిటే? నువ్వూ ఆలస్యంగానే మాట్లాడావు. ఇప్పుడు మా చెవులు తినెయ్యట్లా?" అన్నాడు మాస్టారు.

"మాటలు రాకపోయినా నీ మొహం చూసి నవ్వేదాన్నట, అమ్మ చెప్పేది. ఇది ఎవరి మొహమూ చూడదు నాన్నా. సాయం ఏదైనా ఉంటే ఇప్పుడే అందాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

ఆయన వింటేగా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పరీక్ష అన్న మాట చెవిన పడ్డాక ఆయన బుర్రకి తోచింది ఒక్కటే, పిల్లని నెగ్గించాలి. ఎదురింటావిడ తన కొడుకుని అక్కడికే తీసుకెళ్ళిందని తెలిసి, ఏమేం అడుగుతారో కూపీ లాగాడు. ఇక కూతురు ఉద్యోగానికి వెళ్ళడం ఆలస్యం, తాతా మనవరాలూ తలుపేసుకుని కూర్చునేవాళ్ళు. ముందు చప్పట్లు, తర్వాత చెక్కముక్కలు పేర్చడం, ఆ తర్వాత ముక్కు ముట్టుకోవడం, ఆఖర్న బంతి ఇవ్వడం. కుర్చీ చేతిమీద తాత వేలు టక్కుమంటే పిల్ల వరసలో తర్వాతి పని చెయ్యాలి. బుల్లి ఇట్టే పట్టేసింది. "ఎవరే దీనికేదో ఉందన్నది!" అని మాస్టారు మురిసి ముక్కలయ్యాడు. కూతురికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ కుర్చీ వదిలేసి పిల్లతోపాటు చాపమీదే కూర్చుంది. కూతురు సంచి పట్టీని నలిపేస్తోంది. మాస్టారు గోడవారగా కుర్చీలో ఉన్నాడు.

"చప్పట్లు కొడతావా తల్లీ?"

వేలు టక్కుమంది. బుల్లి చప్పట్లు కొట్టింది. చెక్కముక్కలు ముందు పెట్టగానే మళ్ళీ టక్కు. చకచకా పేర్చేసింది.

కూతురు నోరు తెరిచి చూస్తోంది. "ఇంట్లో ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ" అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మంచిదేగా. మిగతావీ ఇలాగే చేస్తే, ఎదుగుదల వెనకబడ్డ పిల్లలకి మేం నడిపే క్లాసులో ఇప్పుడే చేర్చక్కర్లేదు. ఇంకో ఏడాది ఆగి చూడొచ్చు" అంది డాక్టరమ్మ.

మాస్టారికి మీసం మెలెయ్యాలనిపించింది. డాక్టరమ్మ చెయ్యి చాపింది. "ఆ బంతి ఇటివ్వు."

అలవాటుగా వేలు టక్కుమంది. బుల్లి ముక్కు ముట్టుకుంది.

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. "ముక్కు కాదు తల్లీ. బంతి."

బుల్లి ముక్కుమీద వేలు తియ్యలేదు. టక్కు కోసం కాచుకుని ఉంది. "అల్లరండీ, దానికి తెలుసు" అంది కూతురు.

ఇంకొక్క టక్కు. అంతే, బంతి వచ్చేస్తుంది, గండం గట్టెక్కుతుంది. మాస్టారు వేలు లేపాడు. ఎందుకో తన దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. పరీక్ష మైదానంలో మూడో స్తంభం రాగానే స్టీరింగు తిప్పమంటే తిప్పి శభాష్ అనిపించుకుని పాసైనవాడు, రోడ్డెక్కిన రోజే ఆగి ఉన్న వ్యానుని గుద్దాడు. "నేను పరీక్షకి నేర్పాను, రోడ్డుకి కాదుగా" అని అప్పుడు జోకేసి నవ్వాడు మాస్టారు. మరి బుల్లికి రోడ్డు నేర్పేదెవరు? ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

"ఆపండమ్మా! దానికేం తెలీదు. నేనే నేర్పాను. వరసంతా బట్టీ పట్టించాను."

"నాన్నా!" కూతురు మొహంలో నెత్తురు చుక్క లేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. పేర్చిన చెక్కముక్కల్ని చూస్తూ అంది, "నేర్చుకోగలదని మీరు చూపించారు, అది నాకు పనికొస్తుంది. కానీ నేను చూడాల్సింది వేరే మాస్టారూ. ఎదుటి మనిషి కావాలని దానంతట దానికి అనిపిస్తుందా అన్నది. వచ్చేవారం మళ్ళీ తీసుకురండి, క్లాసులో చోటు ఆపి ఉంచుతాను. మీరు మాత్రం బయట కూర్చోండి."

తిరుగుదారిలో నేర్పే కారు స్టీరింగు మాస్టారే పట్టాడు. కూతురు పక్కసీట్లో, ఎప్పుడూ ఆయన కూర్చునే చోట కూర్చుంది. బుల్లి వెనక ఉంది. ఎర్రలైటు పడి కారు ఆగింది.

"దాని బతుకులో ఒక ఏడాది పోయేది నాన్నా. నీ మాట నెగ్గడం కోసం."

మాస్టారికి సిగ్గుతో తల వాలిపోయింది.

వెనకనుంచి ఆయన సీటుమీద టక్కుమని చప్పుడైంది.

ముందు అర్థం కాలేదు. మళ్ళీ టక్కు. మాస్టారు స్టీరింగు వదిలేసి, పిచ్చివాడిలా రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. వెనక కిసుక్కుమని నవ్వు వినిపించింది. తలెత్తితే అద్దంలో బుల్లి కళ్ళు కనిపించాయి. ఆయన మొహంకేసే చూస్తున్నాయి.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగిపోతున్నాయి. మాస్టారు కంగారుగా గేరు మీద చెయ్యేశాడు. కూతురు తన ముందున్న బ్రేకుని బలమంతా పెట్టి తొక్కిపట్టింది.

"ఉండు నాన్నా, కదలకు. దాన్ని ఇంకొక్క టక్కు కొట్టనీ."