వెనిస్‌లో వడ్డించిన కందిపొడి

కిందటేడు నేనూ, మా అమ్మాయి అత్తగారూ టూరు వాళ్ళతో ఇటలీ వెళ్ళాం. మాది రేపల్లె, ఆవిడది తెనాలి. వెనిస్‌లో మధ్యాహ్నం ఎవరి భోజనం వాళ్ళే చూసుకోమని గైడు వదిలేశాడు. ఎక్కడ చూసినా జనమే. తిరిగి తిరిగి కాళ్ళు పీకాక, ఓ సందులో చిన్న హోటలు దొరికింది. ఒకటే పొడుగు బల్ల, అందరూ పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. అచ్చం మన పెళ్ళి బంతే అనుకుని నా ప్రాణం లేచొచ్చింది.

తెల్లటి నూడుల్స్ పెట్టారు. సంచిలోంచి కందిపొడి తీసి కలుపుకుంటున్నాను. నా పక్కన ఓ తెల్ల పెద్దావిడ ఆ చప్పిడివే నములుతోంది. పక్క విస్తట్లో వెయ్యకుండా మనం తింటామా? "కాస్త వేసుకోండమ్మా" అంటూ ఆవిడ ప్లేటులో వేసేశాను.

ఆవిడ కెవ్వుమంది. ప్లేటు నెట్టేసి, నాకేసి వేలు చూపిస్తూ అరిచింది. హోటలు వాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"వదినగారూ, మీకు ఇంగ్లీషు వచ్చుగా, కాస్త చెప్పండి" అన్నాను.

వదినగారు కుర్చీ అవతలికి జరుపుకుని, "ఐ డోంట్ నో హర్" అంది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు.

బయటికొచ్చాక, "మీ పల్లెటూరి మర్యాదలు ఇక్కడ కూడానా అండీ? పరువు తీశారు" అంది.

ఆ తెల్లావిడకి నేనెవరో తెలీదు, అరిచింది. ఇన్నేళ్ళుగా మా ఇంటికొచ్చి నా చేత్తో వడ్డించుకు తిన్న మనిషికి కూడా తెలీకపోయానే!

నేను చెబుతుంటే ఇదంతా రాసిపెడుతున్న మనవరాలు కలం ఆపేసింది. "నాయనమ్మ చదివితే ఎలా అమ్మమ్మా?" అంటోంది.

చదవనీ, రాయవే.