ముందే తగ్గించినవాడు

ఇసొబె తొకుజి నలభయ్యొక్క ఏళ్లు కొలిమి దగ్గర నిలబడ్డాడు. జపాన్‌లో కవగుచి అనే ఊళ్లోని ఆ పోతశాలలోనే నేను చెక్క అచ్చులు చెక్కేవాణ్ణి. కార్లకు బ్రేకు డ్రమ్ములు పోసేవాళ్లం, అందరం కలిపి పన్నెండు మందిమి.

తొకుజి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. వృథా చూస్తే మాత్రం ఊరుకోలేకపోయేవాడు. "వేడి కూడా అన్నం లాంటిదే, పారబొయ్యకూడదు" అనేవాడు. పోత గరిటెలో కరిగిన ఇనుము మీద ఊక బూడిద కప్పేవాడు, వేడి ఎగిరిపోకుండా. కొలిమి పైనుంచి పోయే పొగ వేడితోనే తుక్కు ఇనుమును ముందుగా కాచేవాడు. రోజూ వెలిగిస్తే కొలిమి వేడెక్కడానికే బోలెడు బొగ్గు పోతుందని, మూడు రోజుల అచ్చులు సిద్ధం చేయించి ఒక్కరోజే వెలిగించేవాడు. ఇవేవీ ఎవరూ అడిగితే చేసినవి కావు. 2010 నాటికే అన్నీ అలవాటైపోయాయి.

తర్వాత పదేళ్లు దాటాక కార్ల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. 2050 నాటికి తమ కర్బన లెక్క సున్నా చేస్తామని వాళ్లు లోకానికి మాట ఇచ్చారట. వాళ్ల లెక్కలో మా పొగ కూడా ఉంది. ప్రతి పోతశాలా 2019 కంటే పదో వంతు తగ్గించి, మార్చి ఆఖరుకల్లా కాగితం పంపాలి. తగ్గించలేనివాళ్లకు ఇక ఆర్డరు ఉండదు. మాకు ఉన్నదే ఆ ఒక్క ఆర్డరు.

యజమాని హిరుమా ఆ ఉత్తరం పట్టుకుని కొలిమి దగ్గరికే వచ్చాడు.

"పదో వంతంట, తొకుజి అన్నా."

"దేంట్లోంచి?"

"బొగ్గులోంచే."

"ఆ గిన్నె నేను పదేళ్ల కిందటే గీకేశాను గదా. ఇంకా గీకితే గిన్నెకే చిల్లు పడుద్ది."

విద్యుత్ కొలిమి పెట్టాలంటే పాత పోతశాల మొత్తం పడగొట్టి కట్టాలి. అది మా వల్ల అయ్యే పని కాదు.

జనవరిలో కంపెనీ తరఫున మినగవ అనే అమ్మాయి వచ్చింది. మర్యాదస్తురాలు. అన్నీ చూసి, తొకుజికి వంగి నమస్కరించింది.

"ఇసొబె గారూ, ఒక్కో డ్రమ్ముకి ఇంత తక్కువ బొగ్గు వాడేవాళ్లు మా ముప్పై పోతశాలల్లో ఇంకెవరూ లేరండీ."

"అయితే గండం గడిచినట్టేనా అమ్మా?"

"మా పట్టికలో 2019 నుంచి తగ్గుదల అనే గడిలో మీకు సున్నా ఉందండీ."

"పక్కవీధి కుదో వాళ్లు మాకు రెట్టింపు కాలుస్తారు గదా!"

"ఒకటిన్నర రెట్లేనండీ ఇప్పుడు. పోయినేడు నాలుగో వంతు తగ్గించారు. వాళ్లకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చాం."

తొకుజి నవ్వాడు. "నేనూ ముందు తాగుబోతునై ఉండాల్సింది. మానేసినందుకు దండేసేవాళ్లు."

ఆమె కూడా నవ్వబోయి తల దించుకుంది. "పైన అడిగి చూశానండీ. గడి మార్చడానికి లేదన్నారు."

ఆమె వెళ్లాక హిరుమా తలుపు మూశాడు. "2019లో ఇంకాస్త ఎక్కువ కాల్చామని రాద్దాం. నీ ముద్ర ఒక్కటి చాలు." కొలిమి కాగితాల కింద యజమాని ముద్ర పనికిరాదు, కొలిమి మనిషిదే పడాలి. మా దగ్గర మొదట్నుంచీ అదే పద్ధతి.

"కాల్చని బొగ్గు కాల్చానని వెయ్యమంటావా? దొంగతనం చేశానని రాసుకురా, దానికైనా వేస్తాను."

"పన్నెండు మంది, అన్నా."

"నాకు మార్చిదాకా టైమివ్వు," అన్నాడు తొకుజి.

ఆ రెండు నెలలూ వెలిగించిన ప్రతిసారీ బొగ్గు కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాడు. ఇనుము మందంగా, బద్ధకంగా దిగేది. మూస అంచులదాకా పారకముందే గడ్డకట్టేది. డ్రమ్ముల మీద వెంట్రుకవాసి అతుకులు కనిపించేవి. అవి బ్రేకుకి పనికిరావని సమ్మెటతో పగలగొట్టి, మళ్లీ కొలిమిలోనే వేసేవాళ్లం. నేను చూస్తూనే ఉన్నాను. ఆపమని చెప్పడానికి నోరు రాలేదు. మార్చి ఆఖరుకు చూస్తే, కరిగించిందే మళ్లీ కరిగించడంతో అంతకుముందుకంటే ఎక్కువ బొగ్గు కాలింది.

"ఇప్పుడు సున్నా కూడా కాదు, పెరుగుదల," అన్నాడు హిరుమా. కోపంగా కూడా అనలేదు.

తొకుజి ఉన్న అంకె ఉన్నట్టే రాసి ముద్ర వేశాడు.

ఎండాకాలానికి ఆర్డరు పోయింది. ఆఖరిరోజు పని అయ్యాక ఆయన కొలిమి అడుగు తలుపు తెరిచాడు. ఎర్రటి బొగ్గులు కింద కుప్పగా పడ్డాయి. నీళ్లు చల్లి, సగమే కాలినవాటిని పారతో ఒక పక్కకి ఏరుతున్నాడు, మళ్లీ వాడేందుకు.

"ఎందుకన్నా?" అన్నాడు హిరుమా.

తొకుజి పార అక్కడే గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు కంపెనీ వాళ్ల పర్యావరణ నివేదిక నా చేతికొచ్చింది. తొకుజికి కళ్లు ఆనడం లేదు, నేనే చదివి వినిపించాను. తమకు పోతపోసే పోతశాలలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, ఆ ఏడు లక్ష్యం చేరుకున్నాయని అందులో ఉంది.

"అన్నీనా?"

"అన్నీ."

"మన డ్రమ్ములు ఇప్పుడెవరు పోస్తున్నారు?"

"కుదో వాళ్లు."

ఆయన చేతివేళ్లు మోకాలి మీద బొగ్గు లెక్క కూడుతున్నట్టు కదిలాయి. మధ్యలోనే ఆగిపోయాయి.